పూల్ మోటారు ఎన్ని గంటలు తిరగాలి? కరెంటు లెక్క తేల్చుకునే పద్ధతి

మోకిల దగ్గర విల్లాలో ఉండే మా బావగారు కిందటి వేసవిలో ఫోన్ చేశారు. "ఏసీలు రెండే వేస్తున్నాం, అయినా బిల్లు ఇంతెందుకు వస్తోందో ఒకసారి వచ్చి చూసిపెట్టవోయ్" అన్నారు. వెళ్లి చూస్తే ఇంటి వెనక చిన్న గదిలో స్విమ్మింగ్ పూల్ మోటారు పొద్దున ఆరింటి నుంచి తిరుగుతూనే ఉంది. రోజుకు ఎన్ని గంటలు వేస్తారని అడిగితే ఎనిమిది అన్నారు. ఎనిమిదే ఎందుకు? పూల్ చూసే కుర్రాడు చెప్పాడు. అతనికెవరు చెప్పారు? అంతకుముందు పనిచేసిన చోట కూడా ఎనిమిదే వేసేవారట. ఆ పూల్ దీనికన్నా పెద్దదో చిన్నదో, దాని మోటారు ఎంతో అతనికి గుర్తులేదు.

శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లలోనూ నేను చూసిన కొన్ని పూల్స్‌ది ఇదే కథ. ట్యాంకు నిండగానే మోటారు కట్టేయమని ఇంట్లో అందరం కేకలేస్తాం. పూల్ మోటారుకు నిండడం అంటూ లేదు గనుక దాన్ని ఎప్పుడు కట్టేయాలో ఎవరికీ తట్టదు. కొత్త పంపు కొనాలా వద్దా అన్నది తర్వాతి మాట. ముందు మూడు అంకెలు కావాలి: మోటారు గంటకు ఎన్ని యూనిట్లు కాలుస్తోంది, పూల్‌లో ఎన్ని లీటర్ల నీళ్లున్నాయి, మోటారు గంటకు ఎన్ని లీటర్లు తిప్పుతోంది. ఈ మూడూ ఒక ఆదివారం పొద్దున తేలిపోతాయి.

మొదటి అడుగు: మోటారు ఎంత కాలుస్తోంది?

మోటారు మీది రేకు చూసి ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు అని చాలామంది లెక్క కట్టేస్తారు. అది మోటారు ఇరుసు దగ్గర అందే శక్తి. మోటారు కరెంటు తీగ నుంచి లాక్కునేది అంతకన్నా ఎక్కువ. లోపల వేడిగా పోయేది కూడా మీ మీటర్లో తిరుగుతుంది. కాబట్టి రేకును పక్కనపెట్టి మీటరునే అడగాలి.

ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి, ఒక పది నిమిషాలు పూల్ మోటారు ఎంసీబీ తప్ప మిగతావన్నీ దించేయండి. ఫ్రిజ్, గీజర్, బోరు అన్నీ ఆగాలి. ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్ కూడా కట్టేయాలి, లేకపోతే బ్యాటరీ ఛార్జింగ్ లెక్కలో కలిసిపోతుంది. ఇప్పుడు మీటరు ముందు నిలబడితే ఎర్రటి చిన్న లైటు మినుకు మినుకుమంటూ కనిపిస్తుంది. యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుకుతుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. కొన్నింటి మీద 1600, కొన్నింటి మీద 3200, త్రీఫేజ్ మీటర్లలో మరో అంకె ఉండొచ్చు. మీ మీటరు మీద ఏముందో అదే తీసుకోండి. ఫోన్లో గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు మినుకుతోందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి, మీటరు మీది అంకెతో భాగించండి. మా బావగారి మీటరు 3200ది. నిమిషానికి 64 సార్లు మినుకింది. 64ను 60తో గుణిస్తే 3,840, దాన్ని 3200తో భాగిస్తే 1.2. అంటే మోటారు గంటకు 1.2 యూనిట్లు కాలుస్తోంది. అది ఒక హెచ్‌పీ మోటారే.

లెక్కపెట్టడం కష్టమనిపిస్తే మిగతావన్నీ ఆపి మోటారు ఒక్కటే గంట నడిపి, మీటరు రీడింగ్‌లో తేడా చూసినా చాలు. తీగలు పట్టుకుని కొలిచే పని మాత్రం మీరు పెట్టుకోకండి. తడి నేల, నీళ్ల గొట్టాలు ఉన్న గది అది. క్లాంప్ మీటరుతో చూడాలంటే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. పిలిచిన చేత్తోనే మోటారు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో, ఎర్తు సరిగా ఉందో లేదో కూడా చూపించండి. పిల్లలు దిగే నీళ్లవి. బిల్లు లెక్క కన్నా ఇదే ముఖ్యం.

రెండో అడుగు: పూల్‌లో నీళ్లెన్ని?

పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో కొలిచి మూడూ గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. లోతు కొలిచేటప్పుడు గట్టు నుంచి కాదు, నీటి మట్టం నుంచి కొలవాలి. ఇటువైపు మూడున్నర అడుగులు, అటువైపు అయిదున్నర ఉంటే సగటు నాలుగున్నర. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, నాలుగున్నర లోతు అంటే 1,350 ఘనపుటడుగులు. అంటే సుమారు 38,000 లీటర్లు.

మూడో అడుగు: మోటారు గంటకు ఎన్ని నీళ్లు తిప్పుతోంది?

ఇక్కడే ఎక్కువమంది తప్పు లెక్కలోకి పోతారు. పంపు మీద రాసి ఉండే గరిష్ఠ ప్రవాహం ఏ అడ్డూ లేనప్పటిది. మీ పంపు ముందు గొట్టాలున్నాయి, వంపులున్నాయి, ఇసుక ఫిల్టరుంది. అన్నింటినీ దాటుకుని వచ్చే నీళ్లు ఆ అంకెకు చాలా దిగువన ఉంటాయి.

దీనికి మన ఇళ్లలో ఉండే 200 లీటర్ల నీలం డ్రమ్ము చాలు. మోటారు ఆపి, ఫిల్టరు మీది వాల్వును వేస్ట్ అని ఉన్నచోటికి తిప్పండి. మోటారు తిరుగుతుండగా ఆ వాల్వు తిప్పితే లోపలి రబ్బరు చిరిగిపోతుంది, అది మరవద్దు. బయటికి పోయే గొట్టం కొస డ్రమ్ములో పెట్టి, ఒకరు దాన్ని గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు మోటారు వేసి, నీళ్లు సమంగా రావడం మొదలయ్యాక ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. మాకు 55 సెకన్లు పట్టింది. ఆ లెక్కన గంటకు దాదాపు 13,000 లీటర్లు. అయితే వేస్ట్‌లో నీళ్లు ఇసుకలోంచి రావు, తేలిగ్గా వచ్చేస్తాయి. అందుకని కాస్త తగ్గించి 12,000 వేసుకున్నాం. డ్రమ్ములో నీళ్లు చెట్లకు పోయకుండా తిరిగి పూల్‌లోనే పోసేయండి, క్లోరిన్ ఉంటుంది.

ఇప్పుడు 38,000ను 12,000తో భాగిస్తే మూడు గంటల పది నిమిషాలు. పూల్‌లో ఉన్నన్ని నీళ్లు ఒకసారి ఫిల్టరు దాటడానికి పట్టే సమయం అది. ఎనిమిది గంటలు వేస్తుంటే రెండున్నర సార్లు తిరుగుతున్నట్టు.

ఒకసారి తిరిగితే నీళ్లన్నీ శుభ్రమైపోయాయని కాదు. శుభ్రమైన నీళ్లు మళ్లీ పాత నీళ్లలోనే కలుస్తాయి కదా. బాగా కలిసిపోయే పూల్‌లో ఒక చుట్టులో వందకు 63 పాళ్ల నీళ్లే ఫిల్టరును చూస్తాయి. రెండు చుట్లకు 86, రెండున్నరకు 92. పెరుగుతున్న కొద్దీ దక్కేది ఎలా తగ్గిపోతోందో చూడండి. రోజుకు వందమంది దిగే క్లబ్బు పూల్‌కు ఎన్నో చుట్లు కావాలి. సాయంత్రం ఇద్దరు పిల్లలు, ఒక పెద్దమనిషి దిగే ఇంటి పూల్‌కు వేసవిలో ఒకటిన్నర చుట్లు, చలికాలంలో ఒకటి సరిపోతుందన్నది నా అనుభవం. మా లెక్కలో అది వేసవికి నాలుగున్నర, అయిదు గంటల మధ్య పడింది.

నాలుగో అడుగు: రూపాయల్లో ఎంత?

రోజుకు ఎనిమిది గంటలు, గంటకు 1.2 యూనిట్లు. రోజుకు 9.6, నెలకు 288 యూనిట్లు. ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

మన ఇళ్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున, తర్వాతి వంద 7.70, ఆ తర్వాతి వంద 9 రూపాయలు, 401 నుంచి 800 దాకా 9.50, ఆపైన 10 రూపాయలు. పూల్ లేకుండా ఆ ఇంటి వాడకం 450 యూనిట్లు అనుకోండి. వాటి ధర 3,165 రూపాయలు, సగటున యూనిట్‌కు ఏడు రూపాయల చిల్లర. ఆ ఏడుతో 288ని గుణించి రెండు వేల పైచిలుకు అనుకుంటే పొరపాటు. పూల్ మోటారు యూనిట్లు ఆ 450 మీదికెక్కి కూర్చుంటాయి. ప్రతి యూనిటూ 9.50 మెట్టు మీదే పడుతుంది. అసలు ఖర్చు 2,736 రూపాయలు. ఏసీల వల్ల ఇల్లు ఇప్పటికే 800 దాటి ఉంటే ప్రతి యూనిటూ పది రూపాయలే. ఆంధ్రప్రదేశ్‌లోనూ పద్ధతి అదే, 400 దాటాక యూనిట్‌కు 9.75. పైన పడే సుంకాలు, సర్దుబాటు ఛార్జీలు వేరు.

అందుకని మీ బిల్లు తీసుకుని సగటు ధర కాక, చివరి మెట్టు ధర ఎంతుందో చూడండి. పూల్ లెక్కకు అదే సరైన ధర. ఇందులో మంచి మాట కూడా ఉంది: మీరు తగ్గించే ప్రతి గంటా ఆ పైమెట్టు నుంచే తగ్గుతుంది. మోటారు ఎనిమిది గంటల నుంచి నాలుగున్నరకు వస్తే నెలకు 126 యూనిట్లు, అంటే సుమారు 1,200 రూపాయలు మిగులుతాయి. పైసా పెట్టుబడి లేదు. ఫామ్‌హౌస్‌ను పార్టీలకు అద్దెకిచ్చేవాళ్ల బిల్లు మీద కేటగిరీ వేరుగా ఉండొచ్చు, వాళ్లు ఆ ధరతో లెక్కేసుకోవాలి.

అయిదో అడుగు: గంటలు తగ్గించడం

ఒక్కరోజులో సగానికి కోసేయకండి. మొదటి వారం గంట, రెండో వారం ఇంకో గంట. రోజూ పొద్దున గట్టు మీద నిలబడి లోతువైపు అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ చూడండి. దాని రంధ్రాలు విడివిడిగా కనిపిస్తుంటే నీళ్లు బాగున్నట్టే. మసకగా కనిపిస్తే ఒక అడుగు వెనక్కు వేయండి. మెట్ల మూలల్లో, నిచ్చెన వెనక చేత్తో తడిమితే జారుతోందంటే పాచి మొదలవుతోంది.

పాచి కనిపించగానే మోటారు ఎక్కువసేపు వేయడం అందరికీ అలవాటు. పాచిని చంపేది మోటారు కాదు, క్లోరిన్. నీళ్లలో క్లోరిన్ లేకపోతే మోటారు ఇరవై నాలుగు గంటలు తిప్పినా ఆకుపచ్చ నీళ్లే తిరుగుతాయి. పరీక్ష కిట్టుతో చూస్తే క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ పైకి పోతే ఉన్న క్లోరిన్ కూడా సరిగా పనిచేయదు. మన ఎండకు రక్షణ లేని క్లోరిన్ కొన్ని గంటల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. సయనూరిక్ ఆమ్లం అనే స్టెబిలైజర్ 30 నుంచి 50 పీపీఎం ఉంటే నిలుస్తుంది. టీసీసీఏ బిళ్లలు వాడేవాళ్లకు అది ఆ బిళ్లల్లోనే కొంత కలుస్తుంటుంది. అందువల్ల వాళ్లు అది మరీ పెరిగిపోకుండా చూసుకోవాలి. క్లోరిన్ సాయంత్రం వేసి, గంటసేపు మోటారు తిప్పి కలిపేస్తే రాత్రంతా పనిచేస్తుంది. బావగారింట్లో క్లోరిన్ పొద్దున పదింటికి వేసేవారు. అది సాయంత్రానికి ఉండేది కాదు, నీళ్లు మసకబారేవి, అందుకని మోటారు ఎనిమిది గంటలు తప్పదనుకున్నారు. వేళ మార్చాక ఆ మసక పోయింది.

ఆరో అడుగు: ఫిల్టరు

ఇసుక ఫిల్టరు శుభ్రంగా కడిగిన రోజున దాని మీది ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోందో గోడ మీద రాసిపెట్టుకోండి. దానికి 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. ఫిల్టరు మూసుకుపోతే కరెంటు ఎక్కువ కాలుతుందని అనుకుంటారు. ఈ రకం పంపుల్లో జరిగేది వేరు. నీళ్లు తగ్గుతాయి, మోటారు లాగే కరెంటు కూడా కొద్దిగా తగ్గుతుంది. మీటరు ఏ హెచ్చరికా చేయదు. కానీ గంటకు 12,000 లీటర్లు తిప్పేది ఎనిమిది వేలకు పడిపోతుంది, నీళ్లు మసకేస్తాయి, గంటలు పెంచుతారు. నష్టం ఆ దారిన వస్తుంది.

అలాగని రోజూ బ్యాక్‌వాష్ చేయడమూ తప్పే. మూడు నిమిషాల బ్యాక్‌వాష్‌కు 600 లీటర్లు పోతాయి. ట్యాంకర్ నీళ్లతో నింపే ఇంట్లో అది కరెంటు కన్నా ఖరీదు. అద్దంలో నీళ్లు తేటపడగానే ఆపి, అర నిమిషం రిన్స్ చేసి మామూలు స్థితికి తేవాలి. పంపు ముందున్న జాలీ బుట్టలో వేపాకులు, కాగితం పూలు చేరుతుంటాయి. వారానికి రెండుసార్లు తీయండి, ఎంసీబీ దించాకే మూత తెరవండి.

ఏడో అడుగు: టైమర్

మనిషి మీద ఆధారపడితే నాలుగున్నర మళ్లీ ఎనిమిది అవుతుంది. టైమర్ పెట్టించండి. మోటారు భారం టైమర్ మీద నేరుగా పడకుండా మధ్యలో కాంటాక్టర్ ఉండాలి. పళ్లచక్రం తిరిగే పాతరకం టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది. రెండు కోతలు పడ్డాక దాని పొద్దున్న మన మధ్యాహ్నం అవుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ రకం తీసుకుంటే ఆ బాధ లేదు. సమయాన్ని పొద్దున కొంత, సాయంత్రం క్లోరిన్ వేశాక కొంత అని రెండు ముక్కలు చేస్తే నయం. జలపాతాలకు, బుడగలకు వేరే మోటారు ఉంటే దాన్ని టైమర్‌కు కలపవద్దు. ఎవరైనా కూర్చుని చూస్తున్నప్పుడే అది తిరగాలి.

వేరియబుల్ స్పీడ్ పంపు కొనాలా?

టెక్సాస్‌లో ఉన్న చుట్టాల్లో ఎవరికైనా ఈ ప్రశ్న వేస్తే వెంటనే కొనమంటారు. వాళ్ల మాటకు ఆధారం ఉంది. పంపు వేగం సగమైతే నీళ్లు సగమవుతాయి, కావలసిన శక్తి మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. శక్తి వేగానికి ఘనం చొప్పున మారుతుంది గనుక. రెట్టింపు సమయం నడిపినా మొత్తం కరెంటు నాలుగో వంతే. అమెరికాలో 2021 జూలై 19 నుంచి కొత్త పూల్ పంపులకు కేంద్ర ప్రభుత్వ సామర్థ్య ప్రమాణాలు వచ్చాయి. దాంతో నేలలో కట్టిన పూల్స్‌కు వాడే పెద్ద సింగిల్ స్పీడ్ పంపులు కొత్తవి దాదాపు కనుమరుగయ్యాయి. అక్కడి పెరటి పూల్స్‌లో అరవై, డెబ్బై వేల లీటర్లు మామూలే. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే.

మన 38,000 లీటర్ల పూల్‌కు వేసి చూద్దాం. సగం వేగంలో లెక్క ప్రకారం గంటకు 0.15 యూనిట్లు చాలాలి. వేగం మార్చే డ్రైవ్‌లో పోయేది, తక్కువ వేగంలో మోటారు సామర్థ్యం తగ్గేది కలుపుకుని 0.25 వేసుకోండి. తొమ్మిది గంటలు నడిస్తే రోజుకు 2.25 యూనిట్లు. పాత ఎనిమిది గంటల అలవాటుతో పోలిస్తే నెలకు 2,100 రూపాయల దాకా మిగులు. అమ్మేవాళ్లు చూపించేది ఈ అంకెనే. కానీ అందులో 1,200 రూపాయలు పాత పంపుతోనే, గంటలు తగ్గించి మీరు తెచ్చుకోగలిగినవి. కొత్త పంపు అదనంగా తెచ్చేది 900 రూపాయలు. పైగా రోజుకు గంటైనా ఎక్కువ వేగంలో నడిపితే గాని స్కిమ్మర్ పైన తేలే ఆకులను లాక్కోదు, బ్యాక్‌వాష్‌కూ పూర్తి వేగం కావాలి. అంటే ఆ 900లోనూ కోత పడుతుంది. పంపుకు పెట్టే అదనపు ధరను ఈ నెలసరి మిగులుతో భాగించి, ఎన్ని నెలలు వస్తుందో చూసుకుని నిర్ణయించండి.

నా తీర్పు ఇది: ఉన్న మోటారు బాగా పనిచేస్తుంటే చిన్న పూల్‌కు దాన్ని తీసేయకండి. అది కాలిపోయిన రోజున, లేదా పూల్ అరవై వేల లీటర్లు దాటి ఉంటే, వేరియబుల్ స్పీడే తీసుకోండి. పాత మోటారుకే డ్రైవ్ తగిలిస్తామని ఎవరైనా అంటే, అది సింగిల్ ఫేజ్ కెపాసిటర్ మోటారేమో చూసుకోండి. మామూలు డ్రైవ్‌లు త్రీఫేజ్ మోటార్ల కోసం చేసినవి, దీనికి తగిలిస్తే మోటారు పాడవుతుంది. ఒక హెచ్‌పీ చోట "ఉండనివ్వండి సార్, బలంగా ఉంటుంది" అని రెండు హెచ్‌పీ పెట్టబోతే మాత్రం గట్టిగా వద్దనండి. ఫిల్టరు భరించగల ప్రవాహానికి ఒక హద్దుంటుంది. ఆ హద్దు దాటితే ఇసుక మురికిని పట్టుకోలేదు, డబ్బు రెండు వైపులా పోతుంది.

బావగారి పూల్ మోటారు ఇప్పుడు వేసవిలో అయిదు గంటలు, చలికాలంలో మూడుంపావు తిరుగుతోంది. పంపు పాతదే.